స్ట్రోక్‌కి కారణం తెలియలేదన్నారు, ఇప్పుడు మెడ రక్తనాళంలో ‘కెరోటిడ్ వెబ్’ అంటున్నారు. ఎవరికైనా తెలుసా?

గోదావరి_ఉమ | రాజమహేంద్రవరం

అందరికీ నమస్కారం. మా చెల్లి గురించి రాస్తున్నాను. వయసు 38. హైస్కూల్లో లెక్కలు చెబుతుంది, ఇద్దరు పిల్లలు. బీపీ లేదు, షుగర్ లేదు, అధిక బరువు కూడా లేదు.

కిందటేడు ఒక ఉదయం పిల్లలకి బాక్సులు సర్దుతుంటే కుడి చేతిలో పట్టు పోయింది. ఏమైందని మా మరిది అడిగితే మాట రాలేదు, మూతి ఒక పక్కకి లాగేసింది. మరిది క్షణం ఆలస్యం చెయ్యలేదు. ఆసుపత్రిలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు. సాయంత్రానికి చెయ్యి కదిలింది, మాట మెల్లగా వచ్చింది. ఆ తర్వాత పరీక్షలే పరీక్షలు. ఈసీజీ, ఈకో, హోల్టర్, మెడ డాప్లర్, సీటీ యాంజియో (డై ఎక్కించి రక్తనాళాలు చూసే స్కాన్), కొలెస్ట్రాల్, హోమోసిస్టీన్, రక్తం గడ్డకట్టే జబ్బుల టెస్టులు. అన్నీ నార్మల్. డిశ్చార్జ్ కాగితం మీద ‘క్రిప్టోజెనిక్ స్ట్రోక్’ అని రాశారు. అంటే కారణం దొరకలేదని. ఆస్పిరిన్, స్టాటిన్ ఇచ్చి పంపారు.

ఒక్క పూట కూడా మాత్ర మానలేదు. అయినా ఏడాది తిరక్కముందే మళ్లీ అదే కుడి చెయ్యి, అదే మాట తడబాటు. ఈసారి అరగంటలో తగ్గింది. వేరే ఊళ్లో ఇంకో న్యూరాలజిస్ట్‌కి చూపిస్తే ఆయన పాత సీటీ యాంజియో సీడీనే కంప్యూటర్లో పెట్టి చాలాసేపు చూశారు. ‘‘ఎడమ కెరోటిడ్‌లో, అంటే మెడలోంచి మెదడుకి వెళ్లే రక్తనాళంలో, వెబ్ ఉంది, రెండుసార్లూ గడ్డ ఇక్కడినుంచే వెళ్లి ఉంటుంది’’ అన్నారు. స్టెంట్ గానీ ఆపరేషన్ గానీ ఆలోచించమన్నారు.

మొదటిసారి రిపోర్టులో ఈ మాటే లేదు. ఇంట్లో అందరం అయోమయంలో ఉన్నాం. అమ్మేమో ‘‘లేచి తిరుగుతున్న పిల్లకి మెడ మీద కత్తి ఎందుకు’’ అంటోంది. ఈ వెబ్ గురించి తెలిసినవాళ్లు, ఇంట్లో ఎవరికైనా చేయించినవాళ్లు ఉంటే దయచేసి రాయండి.

నిర్వాహకులు

ఉమ గారూ, మీ చెల్లెలు కోలుకుంటున్నందుకు సంతోషం. చదివేవాళ్లకి ఒక మాట: ఇక్కడ రాసేది అనుభవం, సమాచారం మాత్రమే, మందులు డాక్టర్ చెప్పకుండా మార్చకండి. మూతి వంకర, చెయ్యి లేదా కాలు పడిపోవడం, మాట తడబడటం ఉన్నట్టుండి వస్తే ఇక్కడ పోస్టు పెట్టకండి, 108కి ఫోన్ చెయ్యండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి సాధారణంగా నాలుగున్నర గంటలే సమయం.

కిరణ్_కూకట్‌పల్లి | హైదరాబాద్

ఉమక్కా, నాది వెబ్ కాదు గానీ మెడ రక్తనాళమే. 34 ఏళ్లకి వచ్చింది. నాకు ‘డిసెక్షన్’ అన్నారు. అంటే రక్తనాళం లోపలి పొర చిరిగి, ఆ చిరుగులోంచి రక్తం గోడ మధ్యలోకి చేరి ఉబ్బుతుంది. లోపల దారి ఇరుకవుతుంది, అక్కడ గడ్డ కట్టి మెదడుకి వెళ్తుంది.

నాకు ముందు బాగా జలుబు, దగ్గు. తర్వాత మెడకి కుడి పక్కన, చెవి వెనక నుంచి కంటి దాకా ఎప్పుడూ ఎరగని నొప్పి. ఆఫీసులో అందరూ ల్యాప్‌టాప్ వల్లే అన్నారు. దాంతోపాటు కుడి కనురెప్ప కొంచెం వాలింది, ఆ కంట్లో నల్లగుడ్డు మధ్య చుక్క చిన్నదైంది. చెవిలో గుండె చప్పుడులాగా లయగా ఏదో వినపడేది. తర్వాత ఎడమ చెయ్యి తిమ్మిరెక్కి వస్తువులు జారిపోతుంటే ఎమర్జెన్సీకి వెళ్లాం. అక్కడి డ్యూటీ డాక్టరమ్మ నా కళ్లు చూసిన వెంటనే మెడకి స్కాన్ రాసింది. ఆ రెప్ప, ఆ చుక్క రెండూ కలిస్తే హార్నర్ అంటారట. కెరోటిడ్ చుట్టూ వెళ్లే సన్నటి నరాలు నొక్కుకుపోవడం వల్ల వస్తుందట.

నాకు స్టెంట్ వెయ్యలేదు. మందులు వాడాను, ఆరు నెలలకి స్కాన్ తీస్తే గోడ మానిపోయింది. చాలామందికి అలాగే మానుతుందని మా న్యూరో సార్ చెప్పారు, అసలు ప్రమాదం మొదటి రెండు వారాల్లోనే ఎక్కువట. మీ చెల్లిది వేరే. వెబ్ దానంతటదే మానేది కాదని విన్నాను. తెలిసినవాళ్లు చెప్పాలి.

శ్రీవాణి_రేడియాలజీ | విశాఖపట్నం

ఉమ గారూ, నేను రేడియాలజిస్ట్‌ని. మీ పోస్టు చదివాక పని ఆపి రాస్తున్నాను. ఇది మన దగ్గర తరచూ తప్పిపోయే విషయం.

దవడ కింద కెరోటిడ్ రెండు కొమ్మలుగా చీలుతుంది. మెదడుకి వెళ్లే కొమ్మ మొదలు కాస్త ఉబ్బుగా ఉంటుంది, దాన్ని బల్బ్ అంటాం. వెబ్ అనేది ఆ బల్బ్ వెనక గోడ నుంచి లోపలికి పొడుచుకొచ్చిన పలచటి పొర. కొవ్వు పేరుకున్నది కాదు. గోడ లోపలి పొరే అక్కడ పీచుగా మందమవుతుంది. రక్తనాళాల గోడల్లో పీచు అసహజంగా పెరిగే ఫైబ్రోమస్క్యులర్ డిస్‌ప్లేసియా అనే జబ్బులో ఒక రకంగా దీన్ని లెక్కిస్తారు. అందుకే కొలెస్ట్రాల్ బాగున్నవాళ్లలో, 40లలో ఉన్న ఆడవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది.

పంట కాలువలో ఒక పక్కన రాతి పలక అడ్డం పడితే నీళ్లు దాన్ని దాటి పోతూనే ఉంటాయి, కానీ పలక వెనక మూలలో సుళ్లు తిరిగి నాచు చేరుతుంది. ఇక్కడా అంతే. రక్తం ప్రవాహానికి పెద్ద అడ్డం ఉండదు, పొర వెనక మూలలో మాత్రం నెమ్మదిస్తుంది. అక్కడ కట్టిన గడ్డ ఒక రోజు విడిపోయి మెదడుకి వెళ్తుంది.

తప్పిపోవడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. మెడ రక్తనాళాల రిపోర్టు అనగానే అందరం వెతికేది ‘ఎంత శాతం మూసుకుంది’ అని. 50 శాతం దాటితే ఎర్ర గీత గీస్తాం, తక్కువుంటే ‘చెప్పుకోదగ్గ ఇరుకు లేదు’ అని రాసేస్తాం. వెబ్ ఉన్న చోట శాతం చాలా తక్కువ, ఒక్కోసారి అసలుండదు. ఇక్కడ చూడాల్సింది శాతం కాదు, ఆకారం. అడ్డకోత బొమ్మల్లో అది ఒకటి రెండు స్లైసుల్లో సన్నటి గీతలా కనిపించి మాయమవుతుంది. పక్కనుంచి, కొంచెం ఏటవాలుగా బొమ్మని తిప్పి చూస్తేనే పొర స్పష్టంగా బయటపడుతుంది. మీ రెండో డాక్టర్ సీడీ పెట్టుకుని చాలాసేపు చూశారన్నారు కదా, ఆయన చేసింది అదే అయ్యుంటుంది.

గోదావరి_ఉమ

శ్రీవాణి గారూ, చాలా ధన్యవాదాలు. ఇప్పటిదాకా ఎవరూ ఇలా అర్థమయ్యేలా చెప్పలేదు. మరి డాప్లర్ కూడా చేశారు కదా, అందులో నార్మల్ అని ఉంది. ఆ రిపోర్టు తప్పా? ఇంకొకటి, రెండూ కుడి చేతికే రావడం ముఖ్యమా?

శ్రీవాణి_రేడియాలజీ

డాప్లర్ ప్రధానంగా రక్తం వేగాన్ని కొలుస్తుంది. దారి ఇరుకైతే వేగం పెరుగుతుంది, అది పట్టుకుంటుంది. వెబ్ దగ్గర వేగం పెద్దగా మారదు కాబట్టి డాప్లర్ నార్మల్ రావచ్చు. రిపోర్టు అబద్ధం కాదు, ఆ పరీక్ష ఈ ప్రశ్నకి సరిపోయేది కాదు, అంతే. వెబ్ కోసం మొదట నమ్మదగినది సీటీ యాంజియో. అందులో కూడా సందేహం మిగిలితే క్యాథెటర్ పెట్టి చేసే యాంజియోగ్రామ్‌లో పొర వెనక డై నిలిచిపోవడం కనిపిస్తుంది.

రెండో ప్రశ్న చాలా ముఖ్యం. ఎడమ కెరోటిడ్ మెదడు ఎడమ భాగానికి రక్తం ఇస్తుంది, ఆ భాగమే కుడి చేతిని, మాటని నడిపిస్తుంది. రెండుసార్లూ అదే వైపు వచ్చింది, అదే వైపు వెబ్ ఉంది, మిగతా కారణాలన్నీ లేవని తేలింది. అన్నీ ఒకే చోటుకి చూపిస్తున్నాయి. ఏ లక్షణం లేకుండా వేరే పనికి తీసిన స్కాన్‌లో వెబ్ కనపడితే నేను ఇంత గట్టిగా మాట్లాడను.

ఓరుగల్లు_మాస్టారు | వరంగల్

అమ్మా ఉమా, ఆపరేషన్ దాకా వెళ్లే ముందు ఒకసారి ఆలోచించండి. మా దగ్గర మెడ నరాలకి నూనె పట్టించి మర్దన చేసి, మెడ సర్ది పక్షవాతం నయం చేసే ఆయన ఉన్నాడు. మా బంధువుల్లో ఒకరికి చాలా గుణం కనిపించింది. మీ మంచి కోరి చెబుతున్నాను.

ఫిజియో_నరేష్ | గుంటూరు

మాస్టారూ, మీ మంచి మనసు అర్థమైంది. కానీ దయచేసి ఈ సలహా ఈ పేషెంటుకి గానీ, స్ట్రోక్ వచ్చిన ఎవరికి గానీ ఇవ్వకండి. నేను ఫిజియోథెరపిస్ట్‌ని, స్ట్రోక్ వచ్చినవాళ్లతోనే నా పని. స్ట్రోక్ తర్వాత చెయ్యి, కాలు వ్యాయామం ఎంత అవసరమో, మెడని విరవడం, గట్టిగా తిప్పడం, లోతుగా నొక్కడం అంత ప్రమాదం. ఈ అమ్మాయి కెరోటిడ్‌లో వెబ్ ఉంది. దాని వెనక తాజా గడ్డ ఉందో లేదో బయటినుంచి ఎవరికీ తెలియదు. అక్కడే చేతులతో నొక్కితే ఏమవుతుందో మీరే ఊహించండి.

వెబ్ లేనివాళ్లకి కూడా చెబుతున్నాను. మెడ వెనక పూసల రంధ్రాల్లోంచి రెండు వెర్టిబ్రల్ రక్తనాళాలు పైకి వెళ్తాయి. మొదటి రెండు పూసల దగ్గర అవి మెలికలు తిరిగి ఉంటాయి, తల ఒక్కసారిగా తిప్పితే సాగేది అక్కడే. పొర చిరిగితే విపరీతమైన తలతిరుగుడు, వాంతులు, మింగలేకపోవడం, గొంతు బొంగురు, ఆగని ఎక్కిళ్లు, ముఖానికి ఒక పక్క, ఒంటికి రెండో పక్క వేడి చల్లన తెలియకపోవడం వస్తాయి. చాలాసార్లు దీన్ని గ్యాస్ అనో, చెవి సమస్య అనో ఇంటికి పంపేస్తారు. క్షవరం అయ్యాక మెడ టక్కుమనిపించుకోవడం మనకి చాలా మామూలు అలవాటు. నేను చూసే ప్రతి కుర్రాడికీ అది మానెయ్యమని చెబుతాను.

సలీం_కర్నూలు

నరేష్ అన్న చెప్పింది నిజం. 2024లో మా పక్కనే ఉన్న బళ్ళారికి చెందిన ముప్పై ఏళ్ల అబ్బాయికి సెలూన్‌లో తల మసాజ్ చేసి మెడ విరిచాక స్ట్రోక్ వచ్చిందని పేపర్లలో, టీవీల్లో వచ్చింది. కెరోటిడ్ చిరిగిందన్నారు. 2022లో హైదరాబాద్‌లో ఒక మహిళకి బ్యూటీ పార్లర్‌లో తల వెనక్కి వాల్చి జుట్టు కడిగించుకుంటుంటే వచ్చింది. అమెరికాలో 1993లోనే వైన్‌ట్రాబ్ అనే డాక్టర్ ఇలాంటి కేసుల గురించి రాసి ‘బ్యూటీ పార్లర్ స్ట్రోక్’ అని పేరు పెట్టాడట. ఆ వార్త వచ్చాక మా వీధి సెలూన్‌లో అన్నకి చెప్పాను, ఆయన మెడ విరవడం మానేశాడు.

భార్గవ్_నెల్లూరు

మాకు కూడా ‘కారణం తెలియదు’ అనే అన్నారు. నా భార్యకి 36. తర్వాత బబుల్ టెస్ట్ చేసి గుండెలో చిన్న రంధ్రం ఉంది, పీఎఫ్ఓ, దాన్ని మూసేస్తే సరిపోతుందన్నారు. వచ్చే నెల డివైస్ పెడతామంటున్నారు. ఈ థ్రెడ్ చదివాక అనుమానం వచ్చింది. మెడకి మాకు డాప్లర్ తప్ప ఏమీ చెయ్యలేదు. అడగాలా?

శ్రీవాణి_రేడియాలజీ

తప్పకుండా అడగండి భార్గవ్ గారూ. పీఎఫ్ఓ అంటే తల్లి కడుపులో ఉన్నప్పుడు అందరికీ ఉండే దారి, పుట్టాక మూసుకోవాలి. ప్రతి నలుగురిలో ఒకరికి పూర్తిగా మూసుకోదు. అంటే ఏ జబ్బూ లేని కోట్లమందిలో అది ఉంది. కాబట్టి అది కనిపించినంత మాత్రాన స్ట్రోక్‌కి అదే కారణమని చెప్పలేం. 2017లో వచ్చిన ట్రయల్స్‌లో సరిగ్గా ఎంచిన పేషెంట్లకి మూసేస్తే మళ్లీ స్ట్రోక్ తగ్గిందని తేలింది. ఆ ‘సరిగ్గా ఎంచడం’లో వేరే కారణాలు లేవని చూసుకోవడం కూడా ఉంది. మెడ నుంచి మెదడు దాకా రక్తనాళాల బొమ్మ చూడకుండా గుండెకి డివైస్ పెట్టేస్తే, అసలు కారణం మెడలో ఉంటే అది అక్కడే ఉండిపోతుంది. డాక్టర్‌ని ఇలా అడగండి: ‘‘సార్, సీటీ యాంజియోలో మెడ చూశారా? వెబ్, డిసెక్షన్ లేవని నిర్ధారించుకున్నారా?’’ మంచి డాక్టర్ ఎవరూ ఈ ప్రశ్నకి కోప్పడరు.

అట్లాంటా_మాధవి

ఉమా, నువ్వు రాసింది చదువుతుంటే మా ఇంటి సంగతే అనిపించింది. మా ఆయనకి 44లో వచ్చింది. ఇక్కడ అట్లాంటాలో ఎమరీ యూనివర్సిటీ డాక్టర్లు ఈ వెబ్ మీద చాలా ఏళ్లుగా పనిచేస్తున్నారు, వాళ్ల పరిశోధనలు చాలా వచ్చాయి. అందువల్లనేమో మాకు మొదటి వారంలోనే పట్టుకున్నారు.

మాకు చెప్పింది చెబుతాను. ఒకటి, మందుల మీద మాత్రమే ఉన్నవాళ్లలో మళ్లీ వచ్చే అవకాశం మామూలు స్ట్రోక్ పేషెంట్ల కంటే ఎక్కువ. నెదర్లాండ్స్‌లో పెద్ద స్ట్రోక్ వచ్చినవాళ్ల మీద చేసిన పరిశీలన 2021లో వచ్చింది. స్ట్రోక్ వచ్చిన వైపే వెబ్ ఉన్నవాళ్లలో రెండేళ్లలో 17 శాతం మందికి మళ్లీ వచ్చింది, వెబ్ లేనివాళ్లలో 3 శాతం మందికి. కానీ వెబ్ ఉన్నవాళ్లు 30 మందే, చిన్న సంఖ్య అని కూడా డాక్టరే చెప్పారు. రెండు, స్టెంట్ మంచిదా, ఆపరేషన్ మంచిదా, మందులే చాలా అని పక్కపక్కన పెట్టి తేల్చిన పెద్ద ట్రయల్ లేదు. కాబట్టి ఎవరైనా ‘ఇదొక్కటే దారి’ అని గట్టిగా చెబితే ఎందుకని అడుగు.

మా ఆయనకి స్టెంట్ వేశారు. గజ్జల్లోంచి పంపారు. బెలూన్ ఉబ్బించేటప్పుడు గుండె వేగం కాసేపు పడిపోయింది, అది ఆ చోట మామూలేనట, మందు సిద్ధంగా పెట్టుకున్నారు. తర్వాత కొన్ని నెలలు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వేసుకున్నారు, ఇప్పుడు ఒక్కటే. రెండు మాత్రలూ మధ్యలో మానకూడదు, అది నీ చెల్లికి కుదురుతుందో ఆలోచించు. ఇంకా పిల్లలు కావాలనుకుంటున్నా, నెలసరి ఎక్కువగా అవుతున్నా ముందే డాక్టర్‌కి చెప్పాలి. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే అది కూడా. ఈస్ట్రోజన్ ఉన్నవి స్ట్రోక్ వచ్చినవాళ్లు వాడకూడదు.

కిరణ్_కూకట్‌పల్లి

ఒక డౌట్. ఆస్పిరిన్ పనిచెయ్యనప్పుడు ఇంకా గట్టి మందు, రక్తం పలచబడే కొత్త మాత్రలు ఇవ్వచ్చు కదా? మా కజిన్‌కి గుండె లయ తేడాకి అవే ఇచ్చారు.

శ్రీవాణి_రేడియాలజీ

మంచి ప్రశ్న. గుండె లయ తేడా ఉన్నవాళ్లకి అవి నిజంగా కాపాడతాయి. ‘కారణం తెలియని స్ట్రోక్ అందరికీ అవే ఇస్తే?’ అని పెద్ద ట్రయల్స్ చేశారు. 2018లో రివరాక్సబాన్, 2019లో డాబిగట్రాన్. రెండిట్లోనూ ఆస్పిరిన్ కంటే స్ట్రోక్ తగ్గలేదు, రివరాక్సబాన్‌తో రక్తస్రావం పెరిగింది. నాకు దీన్నుంచి తోచేది ఇది: ‘కారణం తెలియదు’ అనే సంచిలో వేరువేరు జబ్బులు కలిసిపోయి ఉన్నాయి. అందరికీ ఒకే మాత్ర ఇవ్వడం కంటే సంచి విప్పి ఎవరిది ఏమిటో చూడటం ముఖ్యం. డిసెక్షన్‌లో కూడా ఈ వాదన ఉంది. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో 250 మందితో చేసిన క్యాడిస్ ట్రయల్ 2015లో వచ్చింది. ఆస్పిరిన్ రకం మందులకీ, గట్టి మందులకీ పెద్ద తేడా కనిపించలేదు, రెండు వైపులా మళ్లీ స్ట్రోక్ చాలా తక్కువమందికే వచ్చింది.

లక్ష్మీప్రసన్న | బెంగళూరు

మెడ రక్తనాళాలు అన్నారు కాబట్టి మా అక్క సంగతి. 29 ఏళ్లకి స్ట్రోక్. దానికి ఏడాది ముందు నుంచే ఎడమ చెయ్యి బట్టలు ఉతుకుతుంటే లాగేసేది, ఊరికే జ్వరం, నీరసం. ఎవరు బీపీ చూసినా కుడి చేతికే చూశారు. చివరికి ఒక సీనియర్ డాక్టర్ రెండు చేతులూ పట్టుకుని, ఎడమ మణికట్టు దగ్గర నాడి అందట్లేదన్నారు. టకయాసు ఆర్టరైటిస్. గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళాల గోడలు వాచి మందమైపోతాయి. జపాన్‌లో 1908లో మొదట రాసిన కంటి డాక్టర్ పేరు మీద పిలుస్తారు, మన ఆసియా అమ్మాయిల్లో ఎక్కువ. దీనికి చికిత్స పూర్తిగా వేరే, వాపు తగ్గించే మందులు, రుమటాలజిస్ట్ దగ్గర. చిన్న వయసులో స్ట్రోక్ వచ్చినవాళ్లకి రెండు చేతుల్లోనూ బీపీ చూడమని అడగండి. ఖర్చు లేని పరీక్ష.

గోదావరి_ఉమ

చెల్లికి రెండు చేతుల్లోనూ బీపీ సమానంగానే ఉంది, నిన్న చూపించాం.

ఒక మాట చెప్పుకోవాలి. చెల్లి బయటికి బాగానే కనపడుతుంది, కానీ లోపల చాలా కుంగిపోయింది. క్లాసులో పాఠం మధ్యలో ‘లసాగు’ అనే మాట గుర్తు రాక ఆగిపోయిందట. పిల్లలు ఏమీ అనలేదు. ఇంటికొచ్చి గంటసేపు ఏడ్చింది. చుట్టాలు వచ్చి ‘ఏం తక్కువైంది, టెన్షన్ పెట్టుకుని తెచ్చుకున్నావ్’ అంటారు, ఇంకొకరు దిష్టి అంటారు. కారణం తెలియదు అన్నన్ని రోజులూ తనే ఏదో చేసుకుందని తనని తాను తిట్టుకునేది. మెడలో ఒక పొర ఉంది, అది నీ తప్పు కాదు అని డాక్టర్ చెప్పాక మొదటిసారి రాత్రి నిద్రపోయింది. అందుకే నాకు ఈ పేరు తెలియడమే పెద్ద విషయం అనిపిస్తోంది.

అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.

అట్లాంటా_మాధవి

ఉమా, స్ట్రోక్ తర్వాత దిగులు చాలామందికి వస్తుంది, అది కూడా వైద్యం ఉన్నదే. న్యూరాలజిస్ట్‌కి చెప్పమను, దాచుకోవద్దను. మాటకి స్పీచ్ థెరపీ తెలుగులోనే చేయించండి, తను పాఠం చెప్పే భాషలోనే. మా ఆయనతో థెరపిస్ట్ ఇంగ్లీషులో చేయించినప్పుడు రాని మాటలు ఇంట్లో తెలుగులో ముందు వచ్చాయి. అమ్మని మాత్రం తదుపరి అపాయింట్‌మెంట్‌కి తీసుకెళ్లు. ఆ బొమ్మ తన కళ్లతో చూడనివ్వు.

ఓరుగల్లు_మాస్టారు

నరేష్ గారు చెప్పినదంతా రెండుసార్లు చదివాను. మా బంధువుకి కూడా ఆ మర్దన ఆపమని ఫోన్ చేసి చెప్పాను, న్యూరాలజీ డాక్టరుకి చూపిస్తామన్నారు. ఉమా, లెక్కల టీచర్‌కి నా ఆశీస్సులు చెప్పమ్మా. నేనూ ముప్పై రెండేళ్లు లెక్కలే చెప్పాను.

గోదావరి_ఉమ

అందరికీ నమస్కారం. చాలా రోజుల తర్వాత రాస్తున్నాను.

అమ్మని తీసుకెళ్లాం. డాక్టర్ గారు బొమ్మని తిప్పి చూపించారు, పలచటి పొర, దాని వెనక మూల. అమ్మ చాలాసేపు చూసి ‘‘ఇంత చిన్నదా’’ అంది. తర్వాత అడ్డుచెప్పలేదు.

న్యూరాలజిస్ట్, వ్యాస్కులర్ సర్జన్, స్టెంట్ వేసే డాక్టర్ ముగ్గురూ కలిసి మాట్లాడారు. చెల్లికి నెలసరి రక్తస్రావం ఎక్కువ, రెండు మాత్రలు కలిపి నెలల తరబడి వాడటం కష్టం అనుకున్నారు. మెడ కూడా సన్నం, కెరోటిడ్ రెండు కొమ్మలుగా చీలే చోటు అందుకునే ఎత్తులోనే ఉంది. అందుకని ఆపరేషన్ వైపు మొగ్గారు. రిస్కులు దాచకుండా చెప్పారు. ఆపరేషన్‌లోనే స్ట్రోక్ రావచ్చు, అరుదు. నాలుకకి, స్వరానికి వెళ్లే నరాలు దగ్గరగా ఉంటాయి, దెబ్బ తగలొచ్చు. టీచర్ కాబట్టి స్వరం గురించే చెల్లి ఎక్కువ అడిగింది.

అయిపోయింది. కొద్ది రోజుల్లోనే ఇంటికొచ్చేసింది. గొంతు మొదట బొంగురుగా ఉంది, ఇప్పుడు సర్దుకుంది. చెవి కింద, దవడ దగ్గర తిమ్మిరి ఇంకా ఉంది, మెల్లగా తగ్గుతుందన్నారు. మొదటి రోజుల్లో బీపీ పెరగకుండా చాలా జాగ్రత్తగా చూశారు. తీసిన పొరని పరీక్షకి పంపితే కొవ్వు లేదు, పీచు కణజాలం అని వచ్చింది. శ్రీవాణి గారు మొదటిరోజు రాసిన మాటే రిపోర్టులో చదివి నాకు ఒళ్లు జలదరించింది. పొర వెనక పాత గడ్డ ముక్క కూడా ఉందట.

ఆస్పిరిన్ కొనసాగుతోంది. రెండో వైపు కూడా చూశారు, అటు వెబ్ లేదు. స్కూలుకి వచ్చే టర్మ్ నుంచి సగం పూట వెళ్తానంటోంది.

డబ్బు సంగతి అడిగేవాళ్లకి: ఆసుపత్రిలో ప్రభుత్వ ఆరోగ్య పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గరికి ముందే వెళ్లండి, ఆపరేషన్ తేదీ వేశాక కాదు. అనుమతి కాగితాలకి సమయం పడుతుంది.

భార్గవ్_నెల్లూరు

ఉమ గారూ చాలా సంతోషం. మేం కూడా సీటీ యాంజియో చేయించాం. మెడ శుభ్రంగా ఉంది, వెబ్ లేదు, డిసెక్షన్ లేదు అని రేడియాలజిస్ట్ విడిగా రాసిచ్చారు. ఇప్పుడు పీఎఫ్ఓకి నిశ్చింతగా వెళ్తున్నాం.

నాగమణి_అనంతపురం

కొత్తగా చేరాను. మా అన్నయ్యకి 41, లారీ డ్రైవర్. కిందటి నెల స్ట్రోక్. మెదడు ఎమ్మారై, డాప్లర్, ఈకో చేశారు, కారణం తెలియదన్నారు. సీటీ యాంజియో చెయ్యలేదు. మేం ఏం అడగాలి?

శ్రీవాణి_రేడియాలజీ

నాగమణి గారూ, గుండె దగ్గరి పెద్ద రక్తనాళం నుంచి నడినెత్తి దాకా సీటీ యాంజియో అవసరమా అని న్యూరాలజిస్ట్‌ని అడగండి. దానికి డై ఎక్కిస్తారు కాబట్టి ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూస్తారు. ఇంతకుముందు డై పడకపోయినా, కిడ్నీ సమస్య ఉన్నా చెప్పాలి. స్కాన్ అయ్యాక ఫిల్ములు మాత్రమే తీసుకోకండి, సన్నటి స్లైసులతో సహా మొత్తం సీడీలో అడిగి తీసుకోండి. అన్నయ్య సిగరెట్, గుట్కా, రాత్రి డ్రైవింగ్ గురించి కూడా డాక్టర్‌కి ఉన్నదున్నట్టు చెప్పండి. స్ట్రోక్‌కి ముందు మెడ నొప్పి ఉందా? ఎక్కడైనా మెడ విరిపించుకున్నాడా? ఏ వైపు చెయ్యి పడిపోయింది?

నాగమణి_అనంతపురం

ఎడమ చెయ్యి మేడమ్. మెడ నొప్పి ఉందన్నాడు, లోడు ఎత్తినందుకు అనుకున్నాం. మెడ విరిపించుకున్నాడో లేదో తెలీదు, అడిగి రాస్తాను. సోమవారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం.

శ్రీవాణి_రేడియాలజీ

ఆ మెడ నొప్పి ఏ పక్కనో, ఎన్ని రోజుల ముందు మొదలైందో కనుక్కుని, సోమవారం డాక్టర్‌కి మొదట అదే చెప్పండి. రెప్ప వాలడం, తలతిరుగుడు, మాట తేడా ఏది కొత్తగా కనిపించినా సోమవారం దాకా ఆగకండి, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఇక్కడ రిపోర్టు పెడితే పేరు, ఫోన్ నంబరు కనపడకుండా పెట్టండి.